ట్రాకు వచ్చింది, ఒడ్డు పోయింది

2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరుచుకుంది. జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్, హైటెక్ సిటీ వైపు వెళ్ళే వాహనాలకు దూరం తగ్గించాలని రూ.184 కోట్లతో కట్టిన రోడ్డు అది. తెరిచిన కొద్ది రోజులకే నగరం దాన్ని పార్కు చేసుకుంది. పిల్లల్ని భుజాన ఎత్తుకున్న తండ్రులు, ఫుట్‌పాత్ దాటి రోడ్డు మధ్యకొచ్చి సెల్ఫీలు దిగే కుర్రాళ్ళు, పెళ్ళి ఫొటోలకు దిగిన జంటలు. జనాన్ని ఆపలేక పోలీసులు వారాంతాల్లో వాహనాలనే ఆపేశారు.

మరుసటి ఏడాది ఆగస్టు చివర ట్యాంక్‌బండ్ మీద కూడా ఇదే జరిగింది. ఆదివారం సాయంత్రాలు ట్రాఫిక్ బంద్ పెట్టి సండే-ఫండే అన్నారు. హుస్సేన్‌సాగర్ గాలి పీల్చుకుంటూ రోడ్డు మధ్యన నడవడానికి నగరం నలుమూలల నుంచి కుటుంబాలు కదిలొచ్చాయి. రెండు చోట్లా ఉన్నది తారు, కాంక్రీటు. పక్కన నీళ్ళున్నాయంతే. నీటి పక్కన కాసేపు గడపాలన్న ఆశ హైదరాబాదీలకు ఎంత ఉందో, అందుకు చోటు ఎంత తక్కువో ఈ రెండు సంఘటనలూ తేటతెల్లం చేశాయి.

ఆ ఆశ తీర్చడానికే సైబరాబాద్ చుట్టూ చెరువు పార్కులు పుట్టుకొస్తున్నాయి. నమూనా దాదాపు ఒకటే. కట్టకు రెయిలింగ్, దాని వెంట పేవర్ బ్లాకుల వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, పిల్లలకు జారుడుబల్ల, ఫొటోలకు పెద్ద అక్షరాల బోర్డు, రాత్రికి రంగు దీపాలు. ఇవి వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. అయితే చెరువు పార్కులో చెరువు వాటా ఎంత? నీళ్ళు బాగుపడ్డాయా? నీటికీ ట్రాకుకూ మధ్య నేల మిగిలిందా? గేటు లోపలికి ఎవరు రాగలుగుతున్నారు? ఈ ప్రశ్నలతో తరచి చూస్తే, పార్కు బాగుపడిన చాలా చోట్ల చెరువు బాగుపడలేదని తేలుతుంది. కారణం కూడా చాలా చోట్ల ఒకటే: ఒడ్డును పార్కు కట్టుకునే స్థలంగా చూశారు, చెరువులో భాగమని అనుకోలేదు.

ఇసుక కదిలే చోట

ఒడ్డునే పార్కుగా కాపాడితే ఎలా ఉంటుందో చికాగోలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు కారెక్కి వెళ్ళి చూసి రావచ్చు. మిషిగన్ సరస్సు దక్షిణపు అంచున ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్కు ఉంది. సుమారు 15 వేల ఎకరాలు, 24 కిలోమీటర్ల తీరం. ముందు సముద్రమంత సరస్సు, వెనక వరసలుగా ఇసుక దిబ్బలు, వాటి వెనక చిత్తడి నేలలు, ఓక్ అడవులు. ఈతగాళ్ళకు, దిబ్బలెక్కేవాళ్ళకు, పక్షుల కోసం బైనాక్యులర్స్ పట్టుకు తిరిగేవాళ్ళకు, గుడారం వేసుకుని రాత్రి గడిపేవాళ్ళకు అందరికీ అందులో చోటుంది.

అది ఊరికే దక్కలేదు. పక్కనే గ్యారీ ఉక్కు కర్మాగారాలున్నాయి. మిషిగన్ సిటీ దగ్గర సుమారు రెండు వందల అడుగుల ఎత్తున్న హూజియర్ స్లైడ్ అనే దిబ్బను గాజు తయారీ కోసం తవ్వి రైళ్ళకెత్తారు. 1920 నాటికి అక్కడ చదును నేల మిగిలింది. మరోపక్క హెన్రీ కౌల్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అదే తీరంలో నడుస్తూ, నీటి అంచున గడ్డి, వెనక పొదలు, ఇంకా వెనక అడవి ఏ క్రమంలో పుడుతున్నాయో గమనించి 1899లో ప్రచురించాడు. ఆధునిక జీవావరణ శాస్త్రానికి పునాది వేసిన పరిశోధనల్లో అదొకటి. పరిశ్రమల పక్షం, దిబ్బల పక్షం దశాబ్దాల పాటు తగవులాడాక 1966లో రాజీ కుదిరింది. ఓడరేవూ వస్తుంది, తీరమూ రక్షిత ప్రాంతమవుతుంది. 2019లో దానికి నేషనల్ పార్కు హోదా ఇచ్చారు.

అక్కడి మౌంట్ బాల్డీ అనే దిబ్బ గాలికి ఏటా కొన్ని అడుగులు లోపలికి జరుగుతూ ఉంటుంది. దారిలో చెట్లు ఎదురైతే వాటినే పూడ్చేస్తుంది. 2013లో ఆరేళ్ళ బాలుడు దాని మీద నడుస్తూ ఉన్నట్టుండి ఇసుకలోకి జారిపోయాడు. మూడు గంటలకు పైగా తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. ఇసుక కింద కప్పబడిన చెట్లు కుళ్ళిపోయి గొట్టాల్లాంటి బోలు మిగలడమే కారణమని తర్వాత తేలింది. పార్కు అధికారులు దిబ్బకు సిమెంటు పూయలేదు, గోడ కట్టలేదు. ఆ భాగం మూసేసి, పరిశోధన చేయించి, నాలుగేళ్ళ తర్వాత కొంత మేర తెరిచారు. సరస్సు మట్టం పెరిగిన ఏడు అలలు ఇసుకను లాక్కుపోతాయి, తగ్గిన ఏడు గాలి మళ్ళీ పోగేస్తుంది. ఆ రాకపోకలకు జాగా వదలడమే అక్కడ పార్కు నిర్వహణలో మొదటి పని.

తెలుగు నేల మీద నీరూ ఇసుకా ఇలా కలిసి ఉండేది కోస్తాలోనే. పులికాట్ సరస్సును బంగాళాఖాతం నుంచి వేరు చేసేది శ్రీహరికోట ఇసుక దీవి. ఆ పట్టీయే లేకపోతే పులికాట్ సరస్సూ లేదు, సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగా లేదు. విశాఖపట్నం, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలున్నాయి. విలియం కింగ్ 1886లోనే వాటి గురించి రాశాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిని భూవారసత్వ సంపదగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరాయి. అయినా అంతకు ఏడాది ముందే ఆ దిబ్బల దగ్గర యంత్రాలతో తవ్వకాలు సాగాయి. గగ్గోలు పుట్టాకే పని ఆగింది.

గుట్టల నడుమ నీళ్ళు

హైదరాబాద్‌కు ఇసుక దిబ్బలు లేవు. ఇక్కడి చెరువుల ఒడ్డున ఉన్నవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఈ బండల నడుమ పల్లాల్లో వాన నీరు నిలిచేది. అక్కడ అడ్డంగా కట్ట పోస్తే చెరువు. అందుకే నగరపు పశ్చిమాన గుట్టకూ చెరువుకూ విడదీయలేని సంబంధం ఉంది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా తన వారసత్వ జాబితాలో తొమ్మిది రాతి ఆకృతులను చేర్చినప్పుడు శిల్పారామంలోని బేర్స్ నోస్, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్‌తో పాటు దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలకూ చోటిచ్చింది. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ ఈ రాళ్ళ కోసం పోరాడుతోంది. ఖాజాగూడ గుట్టల మీద ఆదివారం పొద్దున్నే రాళ్ళెక్కే కుర్రకారుకు ఇదే అసలైన అవుట్‌డోర్ క్రీడా మైదానం.

ఇసుక మాత్రం వేరే దారిలో వస్తోంది. నదుల ఇసుక కరువయ్యాక, గుట్టలను పేల్చిన రాయి క్రషర్లలో నలిగి రోబో శాండ్‌గా అపార్ట్‌మెంట్ల కాంక్రీటులోకి చేరుతోంది. ఒక్కో గుట్ట పోయినప్పుడల్లా దాని మీద నుంచి చెరువులోకి దిగే వాన నీటి దారి కూడా పోతుంది. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగినప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు చెట్లతో పాటు ఆ రాళ్ళనూ, క్యాంపస్‌లోని చెరువులనూ లెక్కలోకి తెచ్చింది అందుకే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

ఇక దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇక్కడి నుంచే వెళ్ళేది. గుట్టల చాటున ఉండి బయటి కంటికి ఆనకపోవడం వల్ల సీక్రెట్ లేక్ అన్న పేరు కూడా వచ్చింది. హైటెక్ సిటీ వచ్చాక ఆ రహస్యం ఎంతో కాలం నిలవలేదు. గుట్టల స్థానంలో అద్దాల భవనాలు లేచాయి, మురుగు చెరువులోకి దారి చేసుకుంది, గుర్రపుడెక్క నీటిని కప్పేసింది. తర్వాత కె. రహేజా కార్ప్ సామాజిక బాధ్యత నిధులతో డెక్క తీయించడం, ట్రాకులు వేయడం జరిగింది. వంతెన వచ్చింది, బోటింగ్ వచ్చింది, పరుగు పందేలు వచ్చాయి. 2023లో రోజుకు 70 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటూ తెరుచుకుంది. మరుసటి ఆగస్టులో చెరువు చుట్టుపక్కల కాలనీల్లో రెండు వందలకు పైగా ఇళ్ళకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) పరిధిలో ఉన్నాయంటూ అధికారులు నోటీసులు అంటించారు.

పార్కుగా చూస్తే దుర్గం చెరువుది విజయమే. వేలాది ఐటీ ఉద్యోగులకు డెస్కు వదిలి పది నిమిషాల్లో చేరుకునే నీటి ఒడ్డు ఇంకొకటి లేదు. చెరువుగా చూస్తే నీరు శుద్ధి ప్లాంట్ల మీద బతుకుతోంది, గుట్టల నుంచి వచ్చే వరద దారులు చాలా వరకు మూసుకుపోయాయి, ఒడ్డు ఎక్కడ మొదలవుతుందన్న సంగతి నోటీసుల్లో, పిటిషన్లలో నలుగుతోంది.

బాలానగర్ నుంచి లుంబినీ దాకా

చెరువు పార్కుల కథ అద్దాల మేడల పక్కన ఒక తీరుగా, బాలానగర్ వైపు ఇంకో తీరుగా నడిచింది. 1960లలో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద సంస్థలు, వాటి వెంట వందల చిన్న యూనిట్లు వచ్చాయి. లేత్ మిషన్లు, టూల్ రూములు, ప్లేటింగ్ షాపులు. పని ఇచ్చినంత ఉదారంగా ఈ పారిశ్రామికవాడ జనానికి పచ్చని చోటు ఇవ్వలేదు. దగ్గర్లో నీళ్ళంటే హస్మత్‌పేటలోని బోయిన్ చెరువు. ఆ హస్మత్‌పేటలోనే ఇనుప యుగం నాటి రాతి వలయాల సమాధులు బయటపడ్డాయి. అంటే ఈ ఒడ్డున మనుషులు మసలడం బాలానగర్‌కు పేరు రాకముందు రెండు వేల ఏళ్ళ నాటి సంగతి.

ఇటువైపు నీటి కథ చెప్పాలంటే కూకట్‌పల్లి నాలాను పట్టుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లోకి వచ్చే నాలుగు ప్రధాన నాలాల్లో ఇదే పెద్దది. కూకట్‌పల్లి, జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడల వ్యర్థాలు, దారి పొడవునా ఇళ్ళ మురుగు కలుపుకుని ఫతేనగర్, సనత్‌నగర్, బేగంపేటల మీదుగా సాగరానికి చేరుతుంది. ఒకప్పుడు ఇది గొలుసుకట్టు చెరువుల అలుగు నీరు పారిన దారి. పైచెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి, చివరికి 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో హుస్సేన్ షా వలీ కట్టించిన పెద్ద చెరువులోకి.

ఆ దారికి కింది కొసన ఉన్నవి నగరంలోకెల్లా పేరున్న తీర పార్కులు. 1992లో బుద్ధ విగ్రహం నిలిచింది, 1994లో లుంబినీ పార్కు వచ్చింది, తర్వాత నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు చుట్టుపక్కల విస్తరణ, 2023లో జలవిహార్ పక్కన లేక్ ఫ్రంట్ పార్కు. నీటి మీదికి చొచ్చుకొచ్చే నడకదారితో ఈ చివరిది చూడముచ్చటగా ఉంటుంది. గాలి వాలు మారినప్పుడు మాత్రం నడిచేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. వేసవిలో నీటి రంగు చిక్కటి ఆకుపచ్చకు తిరుగుతుంది.

దీనికి కారణం తెలియనిదేమీ కాదు. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువు. పగలు ఆ నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. తెల్లవారేసరికి నీటిలో ప్రాణవాయువు అడుగంటి చేపలు తేలతాయి. చేపలు చచ్చిన వార్త పొద్దున్నే రావడం అందుకే. జపాన్ సంస్థ జైకా రుణంతో సాగర ప్రక్షాళన చేపట్టారు, పూడిక తీశారు, కూకట్‌పల్లి నాలా మూతి దగ్గర మురుగును అడ్డగించి అంబర్‌పేట ప్లాంటుకు మళ్ళించారు. ఎండాకాలం ఈ ఏర్పాటు పనిచేస్తుంది. గట్టి వాన పడితే నాలా పొంగి, అడ్డుకట్ట దాటి, మురుగూ వాన నీరూ కలిసి సాగరంలో పడతాయి.

జలమండలి రూ.3,866 కోట్లతో చేపట్టిన 31 శుద్ధి ప్లాంట్లలో ఫతేనగర్‌ది పెద్దవాటిలో ఒకటి. సామర్థ్యం రోజుకు 13.3 కోట్ల లీటర్లు. సాగర తీరంలో ఇంకో ఫౌంటెన్ కట్టడం కన్నా నాలా దారిలో ఈ ప్లాంటు సక్రమంగా నడవడం లుంబినీ పార్కుకు చేసే మేలు ఎక్కువ. బాలానగర్‌లో రాత్రిపూట ఒక యూనిట్ యాసిడ్ నీళ్ళు వదిలితే దాని ఖరీదు కట్టేది పది కిలోమీటర్ల కింద ఐస్‌క్రీమ్ తింటూ కూర్చున్న కుటుంబం. తీర పార్కుల బడ్జెట్లు మాత్రం ఎప్పుడూ తీరం దగ్గరే ఆగిపోతాయి.

నీటిని నీటి మొక్కలతోనే

అన్నిచోట్లా కోట్ల ప్లాంట్లే అక్కర్లేదని మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు చూపించింది. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో అక్కడ సుమారు మూడు వేల చదరపు అడుగుల తేలియాడే మొక్కల పాన్పును నీటిలో దించారు. వెదురు చట్రం, తేలడానికి థర్మాకోల్, పైన గోనె సంచులు, కంకర. అందులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటి మొక్కలు నాటారు. వేళ్ళు నేరుగా నీటిలోకి వేలాడతాయి. వాటికి అంటుకుని పెరిగే సూక్ష్మజీవులు మురుగును విచ్ఛిన్నం చేస్తాయి, మొక్కలు పోషకాలను లాగేసుకుంటాయి, నాచుకు తిండి తగ్గుతుంది. పాన్పు మీద నీటి కోళ్ళు గూళ్ళు కట్టుకుంటాయి. మొత్తం చెరువు సమస్యకు ఇదొక్కటే మందు కాదు. పైనుంచి పచ్చి మురుగు వచ్చిపడుతూ ఉంటే ఏ పాన్పూ నెగ్గుకురాలేదు. కానీ ఖర్చు తక్కువ, కళ్ళెదుట కనిపించే పని, చూడవచ్చిన పిల్లలకు చెరువు ఎలా బతుకుతుందో అర్థమయ్యే పాఠం.

బెంగళూరులోని జక్కూర్ చెరువు ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ మురుగు మొదట శుద్ధి ప్లాంటులోకి, ఆ నీరు ఎకరాల కొద్దీ జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి మడిలోకి, అక్కడ వడకట్టుకుని చెరువులోకి చేరుతుంది. చుట్టూ వాకింగ్ ట్రాక్ ఉంది. జాలర్లు వల వేస్తారు. ఇన్ని పనులకు చోటు దొరికింది చిత్తడి మడికి నేల వదిలారు కాబట్టే. మన పార్కుల ప్లానులో ఆ నేల సాధారణంగా పార్కింగ్‌కు పోతుంది.

హద్దు రాయి ఎక్కడ

దక్కన్ చెరువుకు ఒక పక్క కట్ట, మిగతా మూడు పక్కలా వాలు. వానాకాలం నీరు ఆ వాలు మీదికి పాకుతుంది, వేసవికి వెనక్కి తగ్గుతుంది. మునిగి తేలే ఆ పల్లపు నేల శిఖం. చాలా చోట్ల దానికి పట్టాలూ ఉన్నాయి. నీరు తగ్గాక సాగు చేసుకోవచ్చు, నీరొస్తే వదిలేయాలి. ఇల్లు కట్టడానికి వీల్లేదు. ఇండియానాలో దిబ్బ చేసే పని ఇక్కడ శిఖం చేసేది. చీలమండ లోతు నీరు ఉండేది అక్కడే, ఉల్లంకి పిట్టలూ కొంగలూ దిగేదీ అక్కడే, వరద ఏడు అదనపు నీరు ఆగేదీ అక్కడే.

పార్కు పనుల్లో ముందుగా బలయ్యేది అదే. చుట్టూ రింగ్ బండ్ వేసి, దాని మీద ట్రాకు పరిచి, లోపల లోతు తవ్వితే మూడు పక్కల వాలు పోయి చెరువు గిన్నె అవుతుంది. నీళ్ళు ఏడాదంతా నిండుగా కనిపిస్తాయి, ఫొటోలు బాగా వస్తాయి. రింగ్ బండ్ బయట మిగిలిన శిఖం మెల్లగా లేఅవుట్ అవుతుంది. ఆక్రమణకు ట్రాకే సరిహద్దు గీత గీసి ఇచ్చినట్టవుతుంది.

చట్టంలో రక్షణ లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు (జీవో 168) పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలమంటాయి. మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పరిధిలో చెరువుల సంఖ్య మూడు వేలు దాటుతుంది. ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. హద్దు తేలనప్పుడు 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలన్న తగువు ఎప్పటికీ తెగదు. తెగకపోతే ఏమవుతుందో 2020 అక్టోబర్ వానల్లో కొంపల్లి చూసింది. 1897 నాటి ఫాక్స్‌సాగర్ నిండి వెనక్కి తన్ని, ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. చెరువు తన శిఖాన్ని తాను తిరిగి తీసుకుంది.

ఆక్రమణల తొలగింపు కోసం 2024 జూలైలో పుట్టిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఈ తగువులోకి బుల్‌డోజర్‌తో దిగింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చింది. అదే రోజు హైకోర్టు స్టే ఇచ్చినా అప్పటికే చాలా భాగం నేలమట్టమైంది. సెప్టెంబర్‌లో కూకట్‌పల్లి నల్లచెరువులో షెడ్లు కూలాయి. సామాన్లు తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదని అద్దెకున్న చిరువ్యాపారులు వాపోయారు. అమ్మినవాడు, అనుమతి ఇచ్చినవాడు తప్పించుకుని, కొన్నవాడూ అద్దెకున్నవాడూ రోడ్డున పడటం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద లోపం.

కూల్చివేతల తర్వాతి అధ్యాయం మాత్రం ఆసక్తికరంగా ఉంది. తమ్మిడికుంట, సున్నం చెరువు, కూకట్‌పల్లి, ఉప్పల్‌ నల్లచెరువులు, శివరాంపల్లి బుమ్ రుక్నుద్దౌలా, అంబర్‌పేట బతుకమ్మ కుంటలను రూ.58.40 కోట్లతో పునరుద్ధరించే పని హైడ్రా చేపట్టింది. వీటిలో బతుకమ్మ కుంట కథ చెప్పుకోదగ్గది. ముళ్ళపొదలు, చెత్త తప్ప ఏమీ కనిపించని జాగాలో 2025లో తవ్వకం మొదలుపెడితే కొద్ది లోతులోనే నీరు ఊరింది. 14 ఎకరాల పాత కుంటలో మిగిలిన ఐదెకరాల పైచిలుకునే బాగుచేసి, ఆ సెప్టెంబర్ 28న బతుకమ్మ ఆటలతో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. పార్కు హంగులు అక్కడా ఉన్నాయి. తేడా ఏమిటంటే అక్కడ ముందు హద్దు తేల్చారు, తర్వాత నీరు తెచ్చారు, ట్రాకు చివర వచ్చింది.

ఒడ్డును ఉన్నదున్నట్టు ఉంచిన ఉదాహరణ కూడా నగరం అంచున ఒకటుంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతపు చెరువుకు అలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిది. రాజహంసలు దిగే పలుచటి నీటి అంచు ఉండబట్టే ఆ గుర్తింపు. ఇప్పుడు ఆ అంచుకు చుట్టుపక్కల కాలనీల ఒత్తిడి మొదలైంది.

గేటు దగ్గర ఎవరు

చెరువు ఒడ్డు మొదటి నుంచీ ఊరి ఉమ్మడి జాగా. చాకలి రేవు, ముదిరాజ్‌ల, గంగపుత్రుల వలలు, గేదెలు దిగే చోటు, బతుకమ్మ ఘాటు, వినాయకుడి నిమజ్జనం, అన్నీ అక్కడే. పార్కు గేటు పడ్డాక వీటిలో కొన్నిటికి వేళలు వచ్చాయి, కొన్నిటికి తావే లేకుండా పోయింది. గేదెలు రాకూడదన్నది సబబే కావచ్చు. మత్స్య సహకార సంఘం వాళ్ళు తెప్ప దింపడానికి రెయిలింగ్‌లో ఒక ఖాళీ వదలకపోవడానికి మాత్రం కారణం కనిపించదు.

వేళల సంగతి ఇంకా సూటైనది. ఉదయం ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం కొన్ని గంటలు అన్న పద్ధతి వాకర్స్‌కు సరిపోతుంది. బాలానగర్‌లో రెండో షిఫ్టు దిగి రాత్రి పదింటికి బయటపడే లేత్ ఆపరేటర్‌కు, మధ్యాహ్నం ఖాళీ దొరికే ఇంటిపనుల ఆవిడకు ఆ గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది. టిక్కెట్టు చిన్నదే అయినా నలుగురున్న కుటుంబానికి బస్సు ఛార్జీలతో కలిపి లెక్క మారుతుంది. ఆడవాళ్ళు చీకటి పడ్డాక రావాలంటే రంగు లైట్ల కన్నా ట్రాకు మీద పడే మామూలు లైటు, తాళం వేయని టాయిలెట్ ముఖ్యం.

నిమజ్జనం విషయంలో మాత్రం నగరం ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల మీద హైకోర్టు ఆంక్షలు వచ్చాక చెరువుల పక్కనే చిన్న కొలనులు కట్టి, విగ్రహాలు అందులో ముంచి, అవశేషాలు తీసేసే పద్ధతి పెరిగింది. భక్తికీ నీటికీ రెండిటికీ ఇబ్బంది లేని ఇలాంటి సర్దుబాట్లు చేపల వలకూ, చాకలి రేవుకూ ఎందుకు వెతకకూడదు?

ఇక ఇసుక కూడా

2025లో ప్రభుత్వం కొత్త ఆలోచన చెప్పింది. హిమాయత్‌సాగర్ పరిసరాల్లోని కొత్వాల్‌గూడలో 35 ఎకరాల్లో, సుమారు రూ.225 కోట్లతో కృత్రిమ బీచ్. తీరం లేని తెలంగాణకు ఇసుక తీరం తెచ్చిపెట్టాలన్న ప్రతిపాదన ఇది. అదే కొత్వాల్‌గూడలో 85 ఎకరాల ఎకో పార్కు పనులకు 2022లోనే శంకుస్థాపన జరిగింది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కాబట్టి సైబరాబాద్ నుంచి అరగంటలో చేరుకోవచ్చు. జనం విరగబడతారనడంలో సందేహం లేదు. తీగల వంతెన మీద చూసిన ఆకలి ఇంకా తీరలేదు.

అయితే ఆ చోటికో చరిత్ర ఉంది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వచ్చినవి ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927). వాటి పరీవాహకాన్ని కాపాడటానికే 1996లో జీవో 111 ఇచ్చి, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. 2022లో జీవో 69తో ఆ కట్టడి సడలింది. అదే ఏడాది గండిపేట (ఉస్మాన్‌సాగర్) ఒడ్డున పెద్ద పార్కు తెరుచుకుంది. పరీవాహకం మీద పట్టు వదులుతూ నీటి అంచున పార్కులు పెంచుకుంటూ పోవడం ఒకేసారి జరుగుతోంది. కొత్వాల్‌గూడ బీచ్‌కు నీరు ఎక్కడిది, వాడిన నీరు ఎటు పోతుంది, ఇసుక నదిదా రోబో శాండా, వరద గేట్లెత్తిన రోజు ఆ 35 ఎకరాలు ఎక్కడుంటాయి అన్నవి టెండరుకు ముందు తేలాల్సిన సంగతులు.

పార్కును బేరీజు వేయడానికి పెద్ద కమిటీ అక్కర్లేదు. హస్మత్‌పేట అయినా దుర్గం చెరువైనా కొత్వాల్‌గూడ అయినా గేటు పక్కన ఒక బోర్డు సరిపోతుంది. ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు గీసిన మ్యాపు, కాలుష్య నియంత్రణ మండలి ఆ నెల తీసిన నీటి పరీక్ష ఫలితం, పైనుంచి ఏ నాలాలు కలుస్తున్నాయో వాటి పేర్లు, నిర్వహణ కాంట్రాక్టు ఎవరిది, ఎప్పటిదాకా అన్న వివరం. ఈ సమాచారమంతా ఇప్పటికే ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉండేదే. హెచ్‌ఎండీఏ, జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి, మున్సిపల్ అధికారులు తమ తమ ఫైళ్ళ నుంచి ఒక్కో పేజీ ఇస్తే బోర్డు తయారవుతుంది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళు నెల నెలా దాన్ని చదివితే, వచ్చే ఏడాది బడ్జెట్లో మొదట అడగాల్సింది ఫౌంటెనా, నాలా మీద ప్లాంటా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.